బొమ్మలు వేసుకుని బతుకుతానని ఇంట్లో చెప్పడం ఎలా

విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం వైపు పెరిగిన పిల్లలకు ఒకటో తారీకు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. స్టీలు ప్లాంటులోనో, షిప్‌యార్డులోనో పనిచేసే తండ్రి జీతం మీదే ఇంటి అద్దె, చీటీ, ఇంజనీరింగు ఫీజు అన్నీ నడుస్తాయి. జబ్బు చేస్తే కంపెనీ ఆస్పత్రి ఉంటుంది. అటువంటి ఇంట్లో బొమ్మలు గీస్తాననో, నాటకాలు ఆడతాననో చెప్పినప్పుడు పెద్దలను భయపెట్టేది ఆ ఒకటో తారీకు లేకపోవడమే. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. రెండేళ్ల పాటు మా నాన్నగారికి కొత్తగా వేసిన ప్రతి బొమ్మా చూపిస్తూ వచ్చాను. ఆయన ప్రతిసారీ కళ్లజోడు పెట్టుకుని ఓపికగా చూసి, “బాగుందిరా” అని, బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషను పడిన పేపరు నా వైపు జరిపేవారు.

కాబట్టి మీ సంగతి చెప్పేముందు వారి సంగతి వినండి. తల్లినీ తండ్రినీ విడివిడిగా కూర్చోబెట్టి, దేనికి భయపడుతున్నారో అడగండి. మా ఇంట్లో నాన్నగారి భయం జబ్బు చేస్తే ఖర్చెవరు పెడతారని. అమ్మ భయం పెళ్లి సంబంధాలు ఎలా వస్తాయని. మొదటిదానికి సొంత ఆరోగ్య బీమా పాలసీ తీసుకుని కాగితం చేతికివ్వడమే జవాబు. రెండోదానికి అంత సులువైన మందు లేదు.

మీరింకా ఇంటర్మీడియట్‌లో ఉంటే మీ పని కొంత తేలిక, ఎందుకంటే ర్యాంకు అనే మాట మన ఇళ్లలో బాగా చెల్లుతుంది. డిజైను డిగ్రీలో చేరడానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్షను ఏ గ్రూపువారైనా రాయవచ్చు. జాతీయ డిజైను సంస్థ (ఎన్ఐడీ) ప్రవేశానికి రాతపరీక్ష తరువాత చేత్తో చేసి చూపవలసిన స్టూడియో పరీక్ష కూడా ఉంటుంది. ఎన్ఐడీ ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. ఊరు విడవనక్కరలేదనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. ఇంజనీరింగు మూడో ఏట ఉన్నవారికి మాత్రం నా సలహా వేరు: అది పూర్తి చేయండి. మధ్యలో మానేసి వచ్చిన మనిషి మాటకు ఇంట్లో పదేళ్ల దాకా విలువ ఉండదు.

అసలు పని డబ్బు దగ్గర మొదలవుతుంది. సంపాదనకు విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ఒక నోటుపుస్తకంలో వచ్చినవి, రావలసినవి, ఖర్చులు అని మూడు గడులు గీసి, ఏమీ రాని నెలను కూడా సున్నా వేసి రాయండి. ఆ సున్నాలు దాచితే పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. పని ఒప్పుకునేటప్పుడే సగం సొమ్ము అడ్వాన్సుగా తీసుకోండి. ఇక్కడి ఒక దుకాణం వారు నా చేత గోడ బొమ్మలు వేయించుకుని, మూడు నెలలు తిప్పించుకుని, చివరికి సగమే చేతిలో పెట్టారు, నా దగ్గర చూపడానికి చిన్న చీటీ కూడా లేదు. కాగితం విలువ డబ్బు వసూలుతోనే ఆగదు. కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ఒకరు సొమ్మిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రం మీద, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు వేయించుకున్నవారిదే. మీ హక్కును రాసి ఇచ్చేటప్పుడు ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకు ఇచ్చినట్లు లెక్క. కంపెనీలు ఫీజులో 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసుకుని ఇవ్వడం మామూలే. మీ ఆదాయం పన్ను పడేంత లేకపోతే, ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. రెండు మూడేళ్ల రిటర్నులు చేతిలో ఉంటే ఇంటి లోనుకు బ్యాంకులో మాట్లాడగలుగుతారు. మా నాన్నగారు నన్ను ఒక పనిచేసే మనిషిగా చూసింది మొదటి రిటర్ను ప్రింటు చేసి తెచ్చిన రోజే.

ఆ తరువాత గడువు అడగండి. జీవితమంతటికీ అనుమతి అడిగితే ఎవరూ ఇవ్వలేరు. పద్దెనిమిది నెలలు అడిగితే ఇవ్వగలరు. ఆలోగా సగటున నెలకు ఇంత రాకపోతే ఉద్యోగం చూసుకుంటానని అంకె వేసి చెప్పండి, చెప్పినట్లు చేయండి. ఇంట్లో మీ మాటకంటే మేనమామ మాట చెల్లేటట్లయితే ముందు ఆయనకే పుస్తకం చూపండి. ఆడపిల్లలకు ఈ గడువు ఇంకా ఇరుకు, సంబంధాలు చూసేదాకా అనే షరతు చెప్పకుండానే వచ్చి చేరుతుంది. ఆ మాసాలలో సంబంధాల మాట ఎత్తవద్దని ముందే మాట తీసుకోవాలి. పెళ్లిచూపులదాకా వస్తే, ఈ పని మాననని అవతలివారికి అక్కడే చెప్పడం మేలు.

ఉద్యోగం చేస్తూ కళను నడపడం ఓటమి కాదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖలో న్యాయవాదిగా ఉంటూనే, కోర్టుల చుట్టూ తిరిగే మనుషుల నుంచి కథలు తెచ్చుకున్నారు. చూసుకోవలసిందల్లా ఆ ఉద్యోగం మీకు ఏ గంటలు మిగులుస్తుందన్నదే. నేను కొన్నాళ్లు రాత్రి షిఫ్టు చేశాను. తెల్లవారి ఇంటికి వచ్చాక పెన్సిలు పట్టుకున్న జ్ఞాపకం లేదు.

ఇక కార్తీకమాసం. భీమిలి వైపు తోటలో వనభోజనాలకు కులమంతా చేరినప్పుడు, విస్తళ్ల ముందు కూర్చోగానే ఒక పెద్దాయన అడుగుతారు: “ఏటి సేస్తన్నావిప్పుడు?” ఆ ప్రశ్న మీకు ఒక పూటది, మీ అమ్మగారికి ఏడాది పొడవునా వచ్చేది. అందుకని ఒక వాక్యం తయారుచేసి ముందు ఆమెకు ఇవ్వండి. మా అమ్మ నోట కుదురుకున్నది ఇది: “పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాడండి, బెంగళూరు కంపెనీలకు ఇక్కణ్నించే పంపుతాడు.” బెంగళూరు అనగానే సగం మంది ఊరుకుంటారు, అదొక చిత్రం. జీతమెంత అని అడిగేవారికి పులిహోర బాగా కుదిరిందని చెప్పండి.

కళాభారతిలో కచేరీకో, గురజాడ కళాక్షేత్రంలో నాటకానికో పెద్దవాళ్లను తీసుకువెళ్లడం మంచిదే కాని, అది లెక్కల తరువాత. మా ఇంట్లో ఐదో నెలలో పుస్తకం టీవీ పక్కకు చేరింది. ఒకరోజు తెరిచి చూస్తే, రావలసినవి అన్న గడిలో నలభై రోజులుగా నిలిచిపోయిన ఒక మొత్తం పక్కన ఎర్ర సిరాతో నాన్నగారి దస్తూరీ ఉంది: “సోమవారం ఫోన్ చేయాలి. నువ్వు చేయకపోతే నేను చేస్తాను.”