ఫ్లైట్ సిమ్‌లో 39 వేల అడుగులకి ఎక్కే ముందు రెక్ మ్యాక్స్ చూడండప్పా

మన అనంతపురం, కర్నూలు పిల్లోళ్ళు చానామంది ఇంట్లో కంప్యూటర్ మీద ఎయిర్‌బస్ ఏ320 విమానం తోల్తా ఉన్నారు. బెంగళూరులో లేపి ఢిల్లీకి పోవాలంటే నేరుగా 39 వేలు పెట్టేస్తారు, ఎత్తులో ఆయిల్ తక్కువ తాగుతాదని. నిజమే గానీ ఫుల్ లోడ్‌తో అట్ల పోతే కర్నూలు దాటకముందే చెమట్లు పడతాయి.

ఫస్టు ఎంసీడీయూలో (కాక్‌పిట్‌లో కీబోర్డు ఉండే చిన్న స్క్రీన్) ప్రోగ్ పేజీ తెరిచి రెక్ మ్యాక్స్ (ఎక్కదగ్గ గరిష్ఠ ఎత్తు) నంబర్ చూడాల. ఇప్పుడున్న బరువుకి, బయటి టెంపరేచర్‌కి ఎంత ఎత్తు వరకు 0.3 జీ మార్జిన్ (మామూలు బరువుకి పైన 0.3 రెట్లు భారం పడినా వణుకు రాకుండా తట్టుకునే సందు) మిగుల్తాదో చెప్పేది అదే. మీ లెవెల్ దానికి పైనుంటే ఆశ వదిలేసి కింద ఆగండి, ఆయిల్ కాలి బరువు తగ్గినాక మళ్ళా ఎక్కొచ్చు. టెంపరేచర్ అంటే కర్నూల్లో ఎండ 44 ఉందా అని కాదప్పా, పైన గాలిది.

ఎక్కినాక కన్ను స్పీడ్ టేప్ (స్క్రీన్ మీద స్పీడ్ అంకెల పట్టీ) మీదే. కింద వీఎల్ఎస్ (ఇంతకన్నా తగ్గకూడని స్పీడ్) పసుపు పట్టీ, పైన ఎంఎంఓ (దాటకూడని స్పీడ్) ఎరుపు నలుపు పట్టీ, ఎత్తుకి పోయే కొద్దీ రెండూ దగ్గరికొస్తాయి. 37 వేల దగ్గర మ్యాక్ 0.78 (ధ్వని వేగంలో 78 శాతం) అంటే టేప్ మీద సుమారు 250 నాట్లే, ఎంఎంఓ 0.82 కూడా అట్లే కిందికి జారుతాది, స్టాల్ స్పీడ్ (దీనికన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు) మాత్రం దిగదు, మ్యాక్ ఎఫెక్ట్‌తో ఇంకాస్త పైకే వస్తాది, అందుకే మధ్యలో సందు తగ్గిపోతాది.

లెవెల్‌గా 40 డిగ్రీలు వంచి తిప్పితే 1.3 జీ, అంటే రెక్ మ్యాక్స్ దగ్గర మీ మార్జిన్ మొత్తం ఒక్క మలుపులోనే ఖర్చు. 15, 20 చాలు. ఆటోపైలట్ తీసి చేత్తో తోలే సరదా ఉంటే స్టిక్ చానా మెల్లగా కదపండి, పల్చటి గాలిలో డ్యాంపింగ్ (ఊగుడు ఆపే గుణం) తక్కువ, కొంచెం కదిపినా ముక్కు ఎక్కువ ఊగుతాది. నార్మల్ లాలో (కంట్రోల్ కంప్యూటర్ల మామూలు పద్ధతి) స్టాల్ కాకుండా కంప్యూటర్ ఆపుతాది, ఏదన్నా చెడి ఆల్టర్నేట్ లాలో పడితే ఆ కాపలా ఉండదు.

స్టాల్ వార్నింగ్ అరిస్తే ముందు ముక్కు కిందికి. థ్రాటిల్ తోసేసి ఊరుకుంటే కాదు, అంత ఎత్తులో ఇంజన్ల దగ్గర మిగిలిన బలం కొంచెమే. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 ఇట్లనే పోయింది, పిటో ట్యూబుల్లో (స్పీడ్ కొలిచే గొట్టాలు) ఐస్ చేరి ఆటోపైలట్ ఊడితే 35 వేల నుంచి 38 వేల దాకా ఎక్కించి, స్టాల్ అయినాక కూడా ముక్కు లేపే పట్టుకున్నారు, 228 మంది పోయినారు. ఎత్తు పోతే పోనీ, స్పీడ్ వచ్చినాక కూడా గట్టిగా లాగొద్దు, మళ్ళా స్టాల్ అవుతాది, మెల్లగా లెవెల్ చేసి ఓ 4 వేల అడుగులు కిందనే సెటిల్ అవ్వండి.