వింగ్ మీద బాల్ స్క్రీన్: పెట్టేవాడి వైపు నుంచి

బాస్కెట్‌బాల్ ఆడే రోజుల్లో నేను సెంటర్‌ని, అంటే రింగ్ దగ్గర ఆడే పెద్దవాడిని. స్క్రీన్ పెట్టడం (బాల్ ఉన్న మనవాడి డిఫెండర్‌కి అడ్డంగా నిలబడటం), మోచేతి దెబ్బలు తినడం, రీబౌండ్ కోసం ఎగబడటం నా పని. పాయింట్లూ చప్పట్లూ బాల్ నడిపే గార్డులవి. ఇప్పుడు కోచింగ్‌లో ఉన్నాను కాబట్టి ఆ అక్కసు కొంత తీర్చుకుంటున్నాను. వింగ్ నుంచి బాల్ స్క్రీన్ ఎలా ఆడాలని ఎవరైనా అడిగితే, బాల్ పట్టుకున్నవాడిని పక్కన కూర్చోబెట్టి, స్క్రీన్ పెట్టేవాడి పాదాలతో పాఠం మొదలుపెడతాను.

ముందు చోటు సంగతి. ఫ్రీ త్రో లైన్‌ని (ఫౌల్ షాట్లు కొట్టే గీత) రెండు పక్కలా సాగదీస్తే అది త్రీ పాయింట్ లైన్‌ని (మూడు పాయింట్ల షాట్ గీత) తాకే చోటే వింగ్. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కోర్టు వెడల్పు 15 మీటర్లు. లెక్క వేసి చూస్తే అక్కడ త్రీ పాయింట్ లైన్‌కీ సైడ్‌లైన్‌కీ మధ్య మిగిలేది రెండు మీటర్ల పైచిలుకు. కార్నర్‌లో, అంటే రింగ్ వెనక ఉండే బేస్‌లైన్ మూలలో, అయితే 90 సెంటీమీటర్లే. టాప్‌లో, అంటే రింగ్‌కి సూటిగా ఎదురుగా, స్క్రీన్ ఆడితే ఎడమకైనా కుడికైనా పోవచ్చు, ఇక్కడ మాత్రం ఒక పక్క గోడ ఉన్నట్టే. కాబట్టి బాల్ ఉన్నవాడు లైన్‌కి ఒక్క అడుగు బయట నిలబడితే చాలు. సైడ్‌లైన్‌కి వీపు ఆనించినట్టు నిలబడితే ట్రాప్ చేయమని, అంటే ఇద్దరు డిఫెండర్లు కలిసి చుట్టుముట్టమని, పిలిచినట్టే.

మిగతా ముగ్గురిలో ఒకడు ఎదురు కార్నర్‌లో, ఒకడు ఎదురు వింగ్ మీద, ఒకడు టాప్‌లో కొంచెం అవతలి వైపుకి. స్క్రీన్ పెట్టే వైపు కార్నర్ ఖాళీగా వదిలేస్తాను. అక్కడ షూటర్‌ని పెట్టే కోచ్‌లు చాలామంది ఉన్నారు, అదేం తప్పు కాదు. కానీ ఆ షూటర్‌తో పాటు వాడి డిఫెండర్ కూడా అక్కడే ఉంటాడుగా. రోల్ అయ్యేవాడికి, అంటే స్క్రీన్ పెట్టాక తిరిగి రింగ్ వైపు పరుగెత్తేవాడికి, వాడే మొదటి అడ్డం. కార్నర్ ఖాళీ అయితే హెల్ప్‌కి వచ్చే డిఫెండర్ పెయింట్ (రింగ్ ముందు గీసిన పెట్టె) దాటుకుని అవతలి నుంచి రావాలి. నేర్చుకునేవాళ్లకి ఆ అర సెకను చాలా ఎక్కువ.

ఇక పాదాలు. స్క్రీన్ పెట్టేవాడు రింగ్ దగ్గర నుంచి పరుగెత్తి రావాలి, నడిచి కాదు. పరుగెత్తితే వాడి డిఫెండర్ ఒక అడుగు వెనకబడతాడు. ఆ అడుగే తర్వాత మనకి పనికొచ్చేది. చివర్లో రెండు కాళ్లూ ఒకేసారి నేల మీద పడేలా ఆగాలి. కాళ్లు భుజాల కన్నా కొంచెం వెడల్పు, మోకాళ్లు వంచి, చేతులు ఛాతీ దగ్గరికి. వీపు ఎటు ఉందో చూసుకోండి. గార్డు ఎటు పోవాలో మీ వీపు అటు చూపించాలి. మధ్యలోకి పోవాలంటే మీ వీపు ఆ పక్క ఎల్బో (ఫ్రీ త్రో లైన్ కొస) వైపు ఉండాలి. అది హాఫ్ కోర్ట్ వైపు తిరిగి ఉందంటే గార్డు రింగ్‌కి దూరంగా, అడ్డంగా పరుగెడతాడు. బయటికి చూస్తే స్క్రీన్ బాగానే పడినట్టుంటుంది గానీ ఎవరికీ ఏమీ దొరకదు.

ఆగడం అంటే నిజంగా ఆగడం. తగిలే సమయానికి కదలకుండా ఉండాలి, రెండు పాదాలూ నేల మీద ఉండాలి, తుంటి పక్కకి తోయకూడదు. డిఫెండర్ కంటికి కనిపించే వైపు నుంచి అయితే తగలనంత వరకూ ఎంత దగ్గరగానైనా పెట్టొచ్చు. నిలబడి ఉన్నవాడికి కనపడకుండా వెనక నుంచి పెడితే మామూలు అడుగు ఒకటి వేసే చోటు వదలాలి.

ఒకసారి చివరి అర నిమిషంలో నేను ఆగకముందే మా గార్డు బయల్దేరిపోయాడు. వాడి డిఫెండర్ జారిపోతున్నాడని నేను సగం అడుగు జరిగాను. విజిల్. ఆఫెన్సివ్ ఫౌల్, బాల్ పోయింది, మ్యాచ్ కూడా పోయింది. తిట్లన్నీ నాకే. గార్డుని ఎవరూ ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పుడు మా పిల్లలకి ఒకటే చెబుతాను: కదిలే స్క్రీన్ ఫౌల్ రాసేది సెంటర్ పేరు మీద, చేయించేది చాలాసార్లు గార్డు తొందర. నా పద్ధతిలో స్క్రీన్ పెట్టినవాడు ఆగాక “వెళ్లు” అంటాడు. ఆ మాట వినపడే దాకా గార్డు కదలడు.

ఆ ఆగే సమయంలో గార్డుకి పని లేదని కాదు. బేస్‌లైన్ వైపు ఒక గట్టి అడుగు వేసి డిఫెండర్ బరువు అటు పడేలా చేయాలి. “వెళ్లు” వినగానే తన భుజం స్క్రీనర్ తుంటిని రాసుకుంటూ పోవాలి. మధ్యలో మనిషి దూరే సందు ఉంటే ఆ స్క్రీన్ దండగ. మొదటి డ్రిబుల్ స్క్రీన్ దాటడానికి, రెండోది ఎల్బో వైపు దిగడానికి. ఇదంతా షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్లలో 8 మిగిలినప్పుడు మొదలుపెట్టకండి. మొదటి ప్రయత్నం చెడితే రెండోదానికి టైమ్ ఉండదు, టెన్షన్‌లో ఎవడో ఒకడు గాల్లోకి విసిరేస్తాడు.

ఇప్పుడు కళ్లు. గార్డులు దాదాపు అందరూ తమ డిఫెండర్‌నే చూస్తుంటారు. చూడాల్సింది వాడిని కాదు, స్క్రీనర్‌ని కాస్తున్న పెద్దవాడిని. వాడు పెయింట్‌లోనే వెనక ఉండిపోతే ఎల్బో దగ్గర ఆగి షాట్ కొట్టండి. షాట్ ఆపడానికి ముందుకొస్తే వాడి పక్క నుంచి స్క్రీనర్‌కి బౌన్స్ పాస్. పైకి, అంటే గార్డు మీదికి, దూకి దారి ఆపితే, లేక ఇద్దరూ కలిసి ట్రాప్ చేస్తే, రెండు డ్రిబుళ్లు వెనక్కి రండి. వాళ్లిద్దరూ మీ వెంట వస్తారు, స్క్రీనర్ ఫ్రీ త్రో లైన్ మధ్యలో ఒంటరిగా ఉంటాడు. అక్కడ బాల్ అందితే ముందు నలుగురు మనవాళ్లు, ముగ్గురు వాళ్లు. స్విచ్ చేస్తే, అంటే డిఫెండర్లిద్దరూ మనుషుల్ని మార్చుకుంటే, కంగారు పడొద్దు. రోల్ అయినవాడు చిన్నవాణ్ణి వీపు వెనక పెట్టుకుని చెయ్యి చూపిస్తాడు. కాకపోతే పెయింట్‌లో మూడు సెకన్లకి మించి నిలబడకూడదన్న లెక్క గుర్తుండాలి.

వింగ్ మీద అసలు చిక్కు వేరే ఉంది. దాన్ని ఐస్ అంటారు. స్క్రీన్ రావడం చూడగానే బాల్ మీద ఉన్న డిఫెండర్ మధ్య వైపుకి దూకి నిలబడతాడు. స్క్రీన్ వైపు పోనివ్వడు, బేస్‌లైన్ దారి మాత్రం వదిలేస్తాడు. ఆ దారిలో కింద పెద్దవాడు కాచుకుని ఉంటాడు. ఆ పక్కన గోడ ఉందన్నాను కదా, దాన్ని వాడుకోవడమే ఇది. 2010లో టామ్ థిబోడో కోచ్‌గా వచ్చాక అమెరికా లీగ్ ఎన్‌బీఏలోని షికాగో బుల్స్ జట్టు ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. అలవాటు లేని గార్డు ఇక్కడ మొండికేసి మధ్యలోకే పోబోతాడు, లేదా కార్నర్ దాకా పోయి డ్రిబుల్ ఆపేసి ఇరుక్కుపోతాడు.

దీనికి నేను నేర్పేవి రెండు. మొదటిది, స్క్రీనర్ అక్కడికక్కడే తిరిగి, మధ్యలోకి దూకిన డిఫెండర్ కిందికి రాకుండా వాడి బేస్‌లైన్ పక్కన నిలబడటం. గార్డు వాళ్లు వదిలిన దారిలోనే పోతాడు, డిఫెండర్ వెనక ఇరుక్కుంటాడు. కార్నర్ ఖాళీ కాబట్టి ఆ పక్కంతా కింద ఉన్న పెద్దవాడి మీద మనవాళ్లిద్దరు. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. గార్డు బేస్‌లైన్ వైపు ఒకటి రెండు డ్రిబుళ్లు వేసి పెద్దవాణ్ణి తన మీదికి లాక్కుంటాడు, స్క్రీనర్ టాప్ వైపుకి జరుగుతాడు. బాల్ వెనక్కి, వాడి చేతికి. వాడి డిఫెండర్ అప్పటికి కిందే ఉన్నాడు. షాట్ ఉంటే షాట్, లేకపోతే ఖాళీగా ఉన్న మధ్యలోకి డ్రిబుల్. మీ సెంటర్‌కి దూరం నుంచి షాట్ రాదనుకోండి, అప్పుడు వాడు టాప్‌కి పోకుండా ఫ్రీ త్రో లైన్ మధ్యకి జారాలి. రెండూ ఒకేసారి నేర్పకండి, మొదటిది కాళ్లకి అలవాటయ్యాక రెండోది.

మామూలు రోల్‌లో కూడా ఒక చిన్న విషయం తప్పిపోతుంటుంది. గార్డు దాటాక రింగ్ వైపు ఉన్న కాలు మీద తిరగాలి, రెండో కాలు వెనక్కి ఊపాలి. అలా తిరిగితే బాల్ ఒక్క క్షణం కూడా కంటి నుంచి పోదు, వెంటాడే డిఫెండర్ మీ వీపు మీద ఉండిపోతాడు. ఎన్‌బీఏ జట్టు యూటా జాజ్‌లో గార్డు జాన్ స్టాక్టన్, అతనికి స్క్రీన్ పెట్టే కార్ల్ మలోన్ 18 సీజన్లు కలిసి ఆడారు. స్టాక్టన్ అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) మొత్తం 15,806, ఆ సంఖ్య అందరికీ తెలుసు. వాళ్ల పాత మ్యాచ్‌లు చూసేటప్పుడు ఒకసారి బాల్ వదిలేసి మలోన్ కాళ్లు మాత్రమే చూడండి.

రోల్‌ని ఆపడానికి ఎదురు కార్నర్ డిఫెండర్ లోపలికి వస్తే బాల్ ఆ కార్నర్‌కి పోవాలి. ఆ పాస్ చాలా దూరం పోవాలి, అందుకే ఎత్తు తక్కువైతే బాల్ మధ్యలోనే వాళ్ల చేతికి చిక్కడం ఖాయం.

ప్రాక్టీస్‌లో ఇద్దరికి ఇద్దరు, ఒక పక్క కోర్టు చాలు. పెద్ద డిఫెండర్ చెవిలో నేను రహస్యంగా చెబుతాను: వెనక ఉండు, పైకి దూకు, స్విచ్ చెయ్యి, ఐస్. గార్డు బాల్ వదిలే ముందు తను చూసింది గట్టిగా అరవాలి. తప్పు అరిచాడంటే బాస్కెట్ పడినా లెక్కలోకి రాదు. సరిగ్గా అరిచి బాస్కెట్ పడితే పాయింట్ రాస్తాను, గార్డు పేరు మీద కాదు, కదలకుండా స్క్రీన్ పెట్టినవాడి పేరు మీద. గార్డులు సణుగుతారు. సణగనివ్వండి.