ఇంట్లోకి వరద నీళ్లొస్తే: ముందు ఆరబెట్టండి, రంగుల సంగతి తర్వాత

వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చేది ఎక్కువగా వానాకాలం నడిమధ్యలో. బతుకమ్మ, దసరా దగ్గర పడేసరికి గోడలకు రంగులేయించాలని అందరికీ తొందర. చాలామంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. బండలు ఆరినట్టు కనిపించినా, నీళ్లు నిలిచిన ఎత్తు వరకు ఇటుక గోడ లోపల తడిగానే ఉంటుంది. దాని మీద పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింట్ వేస్తే లోపలి తడి బయటికి రాలేక పొక్కులు లేస్తుంది, సంక్రాంతి లోపే పెచ్చులు ఊడుతుంది. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వారంలో ఇక్కడ వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంత వాన మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు. అందుకే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తెలిసి ఉండాలి.

ఇంట్లో అడుగు పెట్టే ముందు కరెంటు చూసుకోవాలి. మెయిన్ దగ్గరికి నీళ్లలో నడిచి వెళ్లాల్సి వస్తే వెళ్లొద్దు. కరెంటోళ్ల హెల్ప్‌లైన్ 1912కు ఫోన్ చేసి స్తంభం దగ్గరే లైన్ తీయించండి. చాలామంది మరిచిపోయేది ఇన్వర్టర్. బయటి కరెంటు ఆగిన మరుక్షణం అది అందుకుని బోర్డుల్లోకి 230 వోల్టులు పంపుతుంది. బ్యాటరీ వైరు తీసేదాకా ఇంట్లో కరెంటు ఉన్నట్టే లెక్క. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌ల జోలికి పోకుండా బయటికి వచ్చి గ్యాస్ లీక్ హెల్ప్‌లైన్ 1906కు చెప్పండి. మునిగిన స్విచ్‌లు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే ట్రిప్పయ్యే స్విచ్‌లు) ఆరబెట్టి వాడేవి కావు, మార్చేయాలి. గోడలోని వైరింగ్ పైపుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో ప్రతి సర్క్యూట్‌కు మెగ్గర్ (వైర్ల నుంచి కరెంటు లీకవుతోందేమో చూసే మీటర్) పెట్టించండి. 1 మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆ లైన్ కలపొద్దు. కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే అది పెట్టించడానికి ఇదే సమయం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, నీళ్ల మోటారు మాత్రం ఒకసారి ఆన్ చేసి చూద్దాం అనుకోకండి. ఆరబెడితే బాగయ్యే మోటారు కూడా ఆ ఒక్కసారితో వైండింగ్ కాలిపోతుంది.

మట్టిగోడల పెంకుటిల్లయితే ఇంకో ప్రమాదం ఉంది. నానిన గోడ నీళ్లు తీశాక, రెండు మూడు రోజులకు కూడా కూలవచ్చు. అడుగున ఉబ్బినా, మూలల్లో కొత్త పగులు కనిపించినా లోపల పడుకోకండి.

బురద ఎత్తకముందే ఫొటోలు తీయండి. గోడ మీద నీటి చార పక్కన టేపు పెట్టి, ఎత్తు అంకెల్లో కనిపించేలా ప్రతి గదిలో ఒకటి తీయాలి. ఇంటికి భారత్ గృహ రక్షా బీమా పాలసీ ఉంటే వరదతో పాటు ట్యాంకులు, పైపులు పగిలి జరిగిన నష్టానికీ అందులో రక్షణ ఉంటుంది. బీమా కంపెనీ పంపే సర్వేయర్ చూసేదాకా పాడైన సామాన్లు పారేయకండి. కంపెనీ సరిగా స్పందించకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు ఫిర్యాదు చేయవచ్చు.

అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండా నీళ్లుంటే ఒకే పూటలో తోడేయకూడదు. బయట మట్టి నాని గోడలను లోపలికి నెడుతూ ఉంటుంది, లోపలి నీళ్లే ఆ ఒత్తిడికి ఎదురు నిలబడి ఉంటాయి. రోజుకు రెండు మూడు అడుగులు తీసి, గీత గీసి, మర్నాటికి మట్టం మళ్లీ పెరిగిందేమో చూసి తర్వాత తోడాలి. డీజిల్ పంపు బయటే ఉండాలి. దాని పొగ సెల్లార్‌లో చేరితే ప్రాణాలు పోతాయి.

బురద తడిగా ఉన్నప్పుడే పారతో ఎత్తి, గోడలను పైనుంచి కిందికి కడగండి. ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. కాళ్లకు గమ్‌బూట్లు తప్పనిసరి. వరద నీళ్లలో డ్రైనేజీ, ఎలుకల మూత్రం కలిసే ఉంటాయి. బ్లీచింగ్ పౌడర్ బురద మీద చల్లడం వృథా, ఎందుకంటే దాని క్లోరిన్‌ను బురదే తినేస్తుంది. సబ్బు నీళ్లతో కడిగాక 10 లీటర్ల బకెట్ నీళ్లకు 100 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట నీటితో నేల తడిపి, పావుగంట ఆగి కడగండి. అందులో యాసిడ్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ కలిపితే విష వాయువు వస్తుంది.

సంపు ఖాళీ చేసి, రుద్ది కడిగి, మంచినీళ్లు నింపి 1000 లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ తేట పోయండి. 24 గంటలు ఉంచి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పట్టుకోవాలి. మూసి ఉన్న సంపులో గాలి ఉండదు. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వకుండా, పైన ఇంకో మనిషి లేకుండా ఎవరినీ దించకండి.

ఇప్పుడు ఆరబెట్టడం. ఈ పనికే ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక పెట్టాలి. తడిసిన చోట 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. మొదట నీటి చారకు ఒక అడుగు పైదాకా పుట్టీ, పెయింట్ ప్లాస్టర్ కనిపించేలా గీకేయండి. గోడకు ఊపిరాడేది అప్పుడే. బీరువాను గోడకు అడుగు దూరం జరపండి. టేబుల్ ఫ్యాన్ గోడకు ఎదురుగా కాకుండా గోడ వెంబడి గాలి పారేలా నేల మీద పెట్టండి. బూజు కనిపిస్తే మాత్రం ముందు తడి గుడ్డతో తుడవాలి, లేకపోతే ఫ్యాన్ దాన్ని ఇల్లంతా చల్లుతుంది. ముసురు పట్టిన రోజు కిటికీలు తెరిస్తే బయటి తేమే లోపలికొస్తుంది. ఎండ కాసిన మధ్యాహ్నం తెరిచి, సాయంత్రం మూసేయండి. మూసిన గదిలో గాలిలోంచి రోజుకు 20–30 లీటర్ల నీటిని లాగే డీహ్యూమిడిఫైయర్ మిషన్ పెట్టి తేమను 60 శాతం లోపు ఉంచితే ఫలితం బాగుంటుంది. ఏసీ ఉంటే డ్రై మోడ్ కొంత సాయం. ఇంత చేసినా 9 అంగుళాల ఇటుక గోడ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది.

ఉబ్బిన తలుపు బిగుసుకుంటోందని వెంటనే చిత్రిక పట్టించకండి. కర్ర ఆరి కుదించుకున్నాక ఆ తలుపు వదులైపోతుంది. టేకు మంచాలు నీడలో మెల్లగా ఆరితే నిలుస్తాయి, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ కప్‌బోర్డులు ఒకసారి ఉబ్బితే పోయినట్టే. దూది పరుపులు, తడిసిన బియ్యం బయట పడేయాల్సిందే. పాసుబుక్కులు, సర్టిఫికెట్లను ఎండలో పెట్టొద్దు, అంటుకున్న కాగితాలను లాగొద్దు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తెలిసినవాళ్ల ఇంట్లో ఫ్రీజర్‌లో ఉంచితే పాడవడం ఆగుతుంది. తర్వాత ఒక్కొక్కటే తీసి తెల్ల కాగితాల మధ్య ఆరబెట్టుకోవచ్చు.

గోడ ఆరిందా లేదా చూడడానికి ఒకటిన్నర అడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి 16 గంటలు ఉంచండి. లోపల చెమ్మ పడితే ఇంకా ఆగాలి. పండక్కి గోడలు తెల్లగా కనబడాలంటే ఈ ఏడాదికి సున్నం వేయండి. అది తడిని లోపల బంధించదు, ఖర్చూ తక్కువ.

పనివాళ్లను పిలిచేటప్పుడు ఒక తేడా గమనించండి. డీప్ క్లీనింగ్ వాళ్లు కడుగుతారు, వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్లు పూతలు పూస్తారు, ఆరబెట్టడం ఈ ఇద్దరి పనీ కాదు. అది చేస్తామని వచ్చినవాళ్లను గోడలో తడిని కొలిచే మాయిశ్చర్ మీటర్ తెచ్చారా అని మొదట అడగండి. లేదంటే మాట్లాడడం అనవసరం. మీటర్ ఉంటే తడవని పైగోడ మీద, అంటే ఐదడుగుల ఎత్తులో ఒక అంకె, కింద తడిసిన చోట ఒక అంకె తీయించి రాయించుకోండి. కింది అంకె పైదాని దగ్గరికి దిగితేనే పని అయినట్టు. గోడ మీద తెల్లగా ఉప్పు పొంగితే మీటర్ అక్కడ లేని తడిని కూడా ఉన్నట్టు చూపిస్తుంది, అప్పుడు పాలిథిన్ పరీక్షను కూడా చూడాలి. మిషన్లు ఎన్ని, ఎన్ని రోజులు, కరెంటు ఖర్చు ఎవరిది, వచ్చిన చెత్త ఎవరు ఎత్తుతారు అన్నవన్నీ కొటేషన్‌లో ఉండాలి. మొదటి రోజే వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేస్తామనేవాళ్లను వద్దనండి. అడ్వాన్స్ మూడో వంతు మించనీయకండి, చివరి వాయిదాను మీటర్ అంకెలు దిగాకే ఇస్తామని కాగితం మీద రాసుకోండి, ఇన్సూరెన్స్‌కు పనికొచ్చేలా జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి.