ఉగాది ఎండలో నల్లమల నడక: వెంకటాపురం నుంచి కైలాసద్వారం దాకా

మహాశివరాత్రికి, ఉగాదికి కర్నూలు వైపు నుంచి కాలినడకన శ్రీశైలం వెళ్ళేవారు ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో అడవి దారి పట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుకుంటారు. ఇది పులుల అభయారణ్యం కనుక అటవీ శాఖ అనుమతించిన రోజుల్లో తప్ప ఈ దారిలో అడుగు పెట్టకూడదు. శివరాత్రి నాటి ఎండ ఓర్చుకోదగినదే. ఉగాది ఎండకు మాత్రం ముందుగా సిద్ధపడాలి. అడవిలో నీడకేం కొదువ అని కొత్తవారు అనుకుంటారు గాని, నల్లమల ఆకురాల్చే అడవి కావడంతో ఫాల్గుణ మాసానికే చాలా చెట్లు మోడువారి, మోదుగ పూలు కంటికి ఇంపుగా కనిపించినా తలకు నీడ దొరకదు.

అందువల్ల మొదట సరిచూసుకోవలసినది గడియారం. తెల్లవారుతూనే బయలుదేరి, పదిన్నరకల్లా ఎక్కడో ఒకచోట చతికిలబడి, మధ్యాహ్నం మూడున్నర దాటిన తర్వాతే మళ్ళీ లేవాలి. రాత్రికి పెచ్చెరువులో ఆగడం మేలు. అక్కడి నుంచి భీముని కొలను లోయలోకి మెట్లు దిగి, వెంటనే అవతలి వైపు కైలాసద్వారానికి నిట్టనిలువుగా ఎక్కవలసి ఉంటుంది. గాలి ఆడని ఆ లోయలో మిట్టమధ్యాహ్నం చిక్కుకున్నవారికి రాతిమెట్ల సెగ కింది నుంచి, ఎండ పై నుంచి తగులుతుంది. ఒకసారి నేను పెచ్చెరువులో కబుర్లలో పడి తొమ్మిదింటికి బయలుదేరి, ఆ ఎక్కుడులో ఇరవై మెట్లకొకసారి కూర్చున్నాను. వెనుక వచ్చిన కన్నడ భక్తులలో ఒక పెద్దాయన చెంబెడు మజ్జిగ ఇచ్చి, మాట్లాడకుండా ముందుకు సాగిపోయారు.

నీళ్ళ విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు దాహం వేసినప్పుడు ఒక్కసారిగా సీసా ఖాళీ చేయడం. పావుగంటకో, ఇరవై నిమిషాలకో నాలుగు గుక్కలు తాగుతూ, ఎండలో ఎక్కేటప్పుడు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు లెక్క వేసుకోవాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి గంటల తరబడి ఉత్త నీళ్ళే తాగితే తలనొప్పి, వికారం మొదలవుతాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఆ చెంచా టీచెంచాయే అయి ఉండాలి, ఉప్పు ఎక్కువైతే కీడు. దారిలో అన్నదాన శిబిరాలు ఉంటాయి కదా అన్న ధీమాతో ఖాళీ సీసాతో బయలుదేరకూడదు. తిండికి బొరుగులు, వేయించిన బుడ్డలు (వేరుశనగలు), బెల్లం చాలు. కడుపు నిండా అన్నం తిని ఎక్కుడు మొదలుపెడితే ఆయాసం రెట్టింపవుతుంది.

పాదాలను చాలామంది సాయంత్రం దాకా పట్టించుకోరు. మడమ దగ్గర చురుక్కుమన్న క్షణంలోనే ఆగి, చెప్పు విప్పి, ఇసుక దులిపి, చెమట తుడిచి, ఎర్రబడిన చోట మెడికల్ టేపు ముడత లేకుండా అంటించాలి. ఇంకో కిలోమీటరు చూద్దామనుకుంటే అక్కడ బొబ్బ లేస్తుంది, ఆ తర్వాత కుంటుతూ నడవడంతో మోకాలు కూడా నొప్పి పెడుతుంది. కొత్త బూట్లు ఈ దారికి పనికిరావు. తలకు తడిపిన నూలు తువ్వాలు, ఒంటికి వదులైన పొడుగు చేతుల చొక్కా ఉండాలి.

తోటివారిని గమనిస్తూ నడవాలి. కండరాలు పట్టేసి, విపరీతంగా చెమట పట్టి, తల తిరుగుతోందని చెబితే నీడలో పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పెట్టి, ఉప్పు చక్కెర నీళ్ళు తాగిస్తే సాధారణంగా తేరుకుంటారు. మాట తడబడి, అడుగు తూలి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. అప్పుడు తాగే నీళ్ళని దాచుకోకుండా ఒంటిమీద పోసి, విసురుతూ, సహాయం కోసం ఒకరిని పంపాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు. అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు కనుక 108కు ఫోన్ కలిసేదాకా ఆగకుండా, ముందు ఒళ్ళు చల్లబరచాలి.

కైలాసద్వారం ఎక్కగానే పని అయిపోయిందన్న తొందరలో చెప్పులు సంచిలో పెట్టేసేవారిని ఏటా చూస్తుంటాను. అక్కడి నుంచి శ్రీశైలం వైపు సాగితే హటకేశ్వరం దగ్గర తారు రోడ్డు తగులుతుంది. మధ్యాహ్నం వేళ దాని మీద వట్టి కాళ్ళతో నడవడం కంటే, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చోవడం మంచిది.