పెద్ద కిట్ కొనకండి, మంచి కాగితం కొనండి

పెద్దవాళ్ల కోసం నడిపే ఏడాది ఆర్ట్ క్లాసులో చేరగానే చాలామంది ముందు 24 రంగుల సెట్టు కొనేస్తారు. దయచేసి కాస్త ఆగండి. వాటర్ కలర్‌ మొదలుపెట్టడానికి ఎరుపు, పసుపు, నీలం ఒక్కో ట్యూబు, 8 నంబరు గుండ్రటి బ్రష్షు ఒకటి చాలు. మిగిలిన డబ్బు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం మీద పెట్టండి. పల్చటి కాగితం తడవగానే ఉబ్బి ముడతలు పడుతుంది, రంగు ఆ గుంటల్లో చేరి మరకలు కడుతుంది. తప్పు కాగితానిదైతే కొత్తవాళ్లు తమకే చేతకాదనుకుని క్లాసు మానేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మూడు రంగులతోనే నెల రోజులు కుస్తీ పట్టండి, ఆకుపచ్చలు, నారింజలు, గోధుమరంగులు మీరే కలపగలుగుతారు.

ఇంకోటి, ప్రతి బొమ్మ మూలన తేదీ వేయండి. మొదటి వారం గీసిన వస్తువునే, కప్పో చెప్పో ఏదైనా సరే, మూడు నెలలకోసారి మళ్లీ గీయండి. గీసేటప్పుడు పాతది చూడొద్దు, పూర్తయ్యాకే పాతదాన్ని పక్కన పెట్టి పోల్చుకోండి. నచ్చని బొమ్మల్ని మాత్రం చించకండి. వాటి వెనకవైపు రంగులు కలిపి చూసుకోవచ్చు.