అట్లాంటిక్ దాటే ముందు దంపతులు పాటించవలసిన జాగ్రత్తలు

కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు దాదాపు 2,700 నాటికల్ మైళ్లు; తెరచాప పడవలో ఇద్దరే వెళ్లేవారికి సుమారు మూడు వారాలు పడుతుంది. హరికేన్ల కాలం నవంబరు 30తో ముగుస్తుంది కనుక, ఆ తరువాత, వ్యాపార పవనాలు నిలకడగా వీస్తున్నప్పుడు బయలుదేరడం మేలు.

అన్నిటికంటే ముఖ్యం రాత్రి కాపలా. ఒకరు నిద్రలో ఉండగా రెండవవారు నీటిలో పడితే కేక వినబడకపోవచ్చు కాబట్టి, చీకటి పడ్డాక పైకి వచ్చే ప్రతిసారీ లైఫ్ జాకెట్ ధరించి, దాని తాడును పడవకు గట్టిగా తగిలించుకోవాలి. తోడును లేపకుండా ముందు భాగానికి వెళ్లరాదు. నిద్ర చెడగొడతామేమోనన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఒంటరిగా తెరచాప దించి పడవను వెనక్కి తిప్పడం ఇద్దరూ ముందే అభ్యసించాలి.

తాగునీటిని ట్యాంకులోనే కాక విడి డబ్బాల్లోనూ నింపుకోవాలి. ప్రమాద సంకేతం పంపే బీకన్ నమోదును, బ్యాటరీ గడువును సరిచూసుకోవాలి.