పాత వెస్టర్న్ కొత్త డిస్కు: లోపం టీవీదా, డిస్కుదా, సినిమాదా?

ఎంతో ఇష్టపడి కొన్న పాత సినిమా కొత్త డిస్కు పెట్టగానే ఏదో తేడాగా అనిపిస్తే, కారణం మూడు చోట్ల వెతకాలి. మన టీవీ సెట్టింగుల్లో ఉండవచ్చు, డిస్కు తయారు చేసినవారి పనిలో ఉండవచ్చు, లేదా సినిమాను మొదట తీసిన పద్ధతే అలాంటిది కావచ్చు. ఈ మూడింటినీ విడదీయకుండా "బొమ్మ బాగా లేదు" అనేస్తే, శ్రద్ధగా పని చేసినవారికి అన్యాయం జరుగుతుంది, పాడు చేసినవారు తప్పించుకుంటారు.

ఉదాహరణకు సెర్జియో లియోనె 1966లో తీసిన వెస్టర్న్, అంటే కౌబాయ్ సినిమా, 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' తీసుకుందాం. ఇంట్లో చూసే డిస్కుల్లో రావలసిన పేచీలన్నీ ఈ ఒక్క సినిమాకే వచ్చాయి.

ముందు టీవీని దారికి తెచ్చుకోండి

పిక్చర్ మోడ్‌ను సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌కు మార్చండి. కదలికలను నున్నగా చేసే సౌకర్యాన్నీ, బొమ్మలోని నాయిస్ (చుక్కలు) తగ్గించే సౌకర్యాన్నీ పూర్తిగా ఆపేయండి. షార్ప్‌నెస్ తగ్గించండి. కొన్ని కంపెనీల టీవీలకు సున్నా సరైనది, మరికొన్నిటికి మధ్య స్థానం సరైనది. ఇంత చేయకుండా కింది పరీక్షల్లో ఏదీ నమ్మదగినది కాదు.

సమస్య: బొమ్మంతా పసుపు పులిమినట్టు ఉంది

ఆకాశం నీలంగా ఉండకుండా ఆకుపచ్చ వైపుకు తిరుగుతుంది. మేఘాలు, కళ్లలోని తెలుపు లేత పసుపులో కనిపిస్తాయి. 2014లో ఈ సినిమాకు వచ్చిన బ్లూరే డిస్కు మీద వచ్చిన ప్రధాన ఫిర్యాదు ఇదే. అంచులు పదునుగా ఉన్నాయి, వివరాలు బాగా తేలాయి, కానీ రంగులు సవరించేటప్పుడు ఎడారి వేడి కనిపించాలని కాబోలు, పసుపు ముంచెత్తారు.

దీన్ని తేల్చడానికి సినిమాలోనే ఒక అద్భుతమైన దృశ్యం ఉంది. కథ అమెరికా అంతర్యుద్ధ కాలానిది, దక్షిణాది సైన్యం దుస్తులు బూడిద రంగు, ఉత్తరాది సైన్యానివి నీలం. టుకో (ఇలై వాలక్), బ్లాండీ (క్లింట్ ఈస్ట్‌వుడ్) బండిలో వెళుతుండగా దూరం నుంచి బూడిద రంగు దుస్తుల సైనికులు వస్తుంటారు. దక్షిణాది సైన్యం అనుకుని టుకో జేజేలు కొడతాడు. దగ్గరికి వచ్చిన అధికారి తన చేతి మీద దుమ్ము దులపగానే కింద నీలం బయటపడుతుంది. వాళ్లు ఉత్తరాది సైనికులు! దృశ్యం మొత్తం బూడిద రంగు నీలంగా మారే ఆ ఒక్క క్షణం మీద నిలబడి ఉంది. అక్కడ ఆపి చూడండి. దుమ్ము కింద నుంచి నికార్సైన నీలం వచ్చిందా, లేక ఏదో ఆకుపచ్చటి ముదురు రంగు వచ్చిందా? రెండోదైతే ఆ రంగుల సవరణ కథనే దెబ్బతీసినట్టు. దర్శకుడు రంగుతో చెప్పిన మాటను తుడిచేయడాన్ని పునరుద్ధరణ అని నేను ఒప్పుకోను.

పరిష్కారం: ముందు టీవీ కలర్ టెంపరేచర్ 'వార్మ్' చివరి మెట్టులో ఉంటే ఒక మెట్టు వెనక్కి జరిపి చూడండి. మిగతా సినిమాల్లో తెలుపు తెల్లగానే ఉండి, ఇందులో మాత్రమే పసుపుగా ఉంటే తప్పు డిస్కుదే. రిమోట్‌తో నీలం పెంచి సరిచేయబోతే ముఖాలు పాలిపోతాయి, నీడలు నీలమవుతాయి. వేరే డిస్కుకు మారడమే మార్గం. 2017లో కినో లార్బర్ సంస్థ తెచ్చిన డిస్కులో ఈ పసుపును తగ్గించారు.

సమస్య: ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి

లియోనె తెరను ముఖాలతో నింపే దర్శకుడు. ఇలై వాలక్ చెమట, ముడతలు, గడ్డం మీది దుమ్ము కనబడకపోతే ఆ క్లోజప్‌లకు అర్థమే లేదు.

ఈ సినిమాను టెక్నిస్కోప్ పద్ధతిలో తీశారు. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కో ఫ్రేముకు అంచున ఉండే రంధ్రాల్లో నాలుగింటి ఎత్తు వాడితే, ఇందులో రెండే వాడతారు. ఫిల్ము ఖర్చు సగానికి తగ్గుతుంది. వెడల్పాటి తెరకు ప్రత్యేక లెన్సులు అక్కరలేదు. కానీ చిన్న ఫ్రేమును పెద్ద తెరకు సాగదీస్తే ఫిల్ములోని రేణువులు, అంటే గ్రెయిన్, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది మురికి అనుకుని కంప్యూటర్‌తో తుడిచేస్తే చర్మపు వివరం కూడా దానితోపాటే పోతుంది.

పరీక్ష సులభం. ఖాళీ ఆకాశాన్ని చూడండి. రేణువులు క్షణక్షణం మారుతూ సజీవంగా ఉంటే మంచిది. కదలకుండా గడ్డకట్టినట్టు ఉన్నా, అసలు లేకపోయినా తుడిచారని అర్థం. డిస్కులో తుడిచేసినదాన్ని మీరు తిరిగి తేలేరు. అదే ఆకాశం చిన్న చిన్న చదరాలుగా విడిపోతుంటే మాత్రం కారణం వేరు, ఇంటర్నెట్ ద్వారా వచ్చే బొమ్మను అతిగా కుదించారు. డిస్కుకు మారితే సరిపోతుంది.

సమస్య: టోపీల చుట్టూ తెల్లటి గీత

కృత్రిమంగా పదును పెంచిన గుర్తు. షార్ప్‌నెస్ తగ్గించినా పోకపోతే అది డిస్కులోనే ఉంది.

సమస్య: కొన్ని షాట్లు ఉన్నట్టుండి మసకబారుతున్నాయి

ఒక దృశ్యం మరో దృశ్యంలో కలిసేచోట, అక్షరాలు పడేచోట ఇలా ఉంటుంది. ఆ రోజుల్లో అలాంటి షాట్లను ల్యాబులో మరో ఫిల్ము మీదికి తిరిగి ముద్రించేవారు. ఒక తరం నకలు కాబట్టి మసక సహజం. దీనికోసం డిస్కు వాపసు చేయకండి.

సమస్య: పెదవులకూ మాటలకూ పొంతన లేదు

తుపాకీ పేలే దృశ్యం చూడండి. పొగకూ శబ్దానికీ పొంతన కుదిరితే మీ స్పీకర్ల ఆలస్యం కాదు. ఈ సినిమా సంభాషణలన్నీ తరవాత డబ్బింగ్ చెప్పినవే, ఇటాలియన్ నటులకు ఇంగ్లీషు గొంతులు వేరేవాళ్లవి. ఏ పునరుద్ధరణా దాన్ని సరిచేయలేదు, చేయకూడదు కూడా.

తుపాకీ శబ్దం మరీ కొత్తగా, ఇప్పటి సినిమాలా మోగితే మీరు 5.1 ట్రాక్ (చుట్టూ స్పీకర్ల కోసం కొత్తగా చేసిన ధ్వని) వింటున్నారు. అసలు సినిమా విడుదలైంది మోనోలో, అంటే ఒకే ధ్వని ట్రాకుతో. మెనూలో మోనోకు మారండి. అయితే మోనో అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. కొత్త శబ్దాలనే ఒక్క ట్రాకులోకి కుదించినది కూడా అదే పేరుతో రావచ్చు. రెండు ట్రాకుల్లో ఒకే తుపాకీ మోతను మార్చి మార్చి వింటే తెలుస్తుంది.

సమస్య: కొన్ని సన్నివేశాల్లో ఈస్ట్‌వుడ్ గొంతు ముసలిగా ఉంది

మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. అమెరికా విడుదలలో లేని సన్నివేశాలను 2003లో తిరిగి చేర్చినప్పుడు ఈస్ట్‌వుడ్, వాలక్ తమ సంభాషణలను మళ్లీ చెప్పారు. మూడో ప్రధాన నటుడు లీ వాన్ క్లీఫ్ 1989లోనే మరణించారు కాబట్టి ఆయనకు మరొకరు గొంతునిచ్చారు. సుమారు 179 నిమిషాల నిడివి ఉంటే అది ఈ పొడిగించిన కూర్పు. సుమారు 161 నిమిషాలదైతే పాత అమెరికా కూర్పు. మొదటిసారి చూసేవారికి నేను రెండోదే ఇస్తాను. నడక బిగువుగా ఉంటుంది, గొంతులు మారవు.

సమస్య: తెర నిండటం లేదు, లేదా మరీ నిండిపోయింది

ఈ సినిమాకు పైనా కిందా నల్లటి పట్టీలు ఉండి తీరాలి. అవి లేకుండా తెర నిండితే జూమ్ పెట్టి ఉంటుంది, ఆపేయండి. ఆపినా మారకపోతే డిస్కులోనే పక్కలు కోసేశారు. చివర ముగ్గురూ వలయంలో నిలబడే ద్వంద్వ పోరాటంలో ఒకరు బయటికి పోతారు.

మన 'మోసగాళ్ళకు మోసగాడు' విషయంలో ఇది తిరగబడుతుంది. అది 1971 నాటిది. తెలుగులో తొలి సినిమాస్కోప్ (వెడల్పాటి తెర) చిత్రం 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది 1974లో. అంటే దీని బొమ్మ వెడల్పాటిది కాదు, నల్లటి పట్టీలు పక్కల ఉండాలి. కాబట్టి కృష్ణ కౌబాయ్ సినిమా ఇప్పటి వెడల్పాటి టీవీని అంచుల దాకా నింపుతుంటే సంతోషించకండి, టోపీల పై అంచులు ఫ్రేములో ఉన్నాయో లేదో చూడండి.